ఒక్క ప్రతి, వేయి ఇండ్లు

గాలిలో సాగు రేడియో ప్రసారమునకు ఒక సుగుణము కలదు. వినువారు పదిమంది యైనను, పది లక్షలమంది యైనను ప్రసారిణికి పని ఒక్కటియే. కడప ఆకాశవాణి కేంద్రము 1963లో ప్రారంభమైన నాడు ఏ పల్లెలో ఎన్ని రేడియోలు మ్రోగునో లెక్కించి విద్యుచ్ఛక్తిని పెంచవలసిన అవసరము లేకపోయెను. జమ్మలమడుగులో ఒక ఇంట క్రొత్తగా రేడియో పెట్టినందువలన పులివెందులలో ధ్వని తగ్గదు.

ఇంటర్నెట్టు తీగలపై ఈ సుగుణము తనంత తాను రాదు. అచ్చట మాట యైనను, బొమ్మ యైనను ప్యాకెట్లు అనబడు చిన్న పొట్లములుగా విడిపోయి, ఒక్కొక్క పొట్లము తనపై వ్రాసిన చిరునామాను బట్టి ప్రయాణము చేయును. దారి కూడళ్లలో నిలిచి, ఏ పొట్లమును ఏ తీగకు పంపవలెనో నిర్ణయించు యంత్రమే రౌటరు. సామాన్యముగా పొట్లమునకు ఒక్క చిరునామాయే. కనుక వినువారు వేయిమంది యైనచో అదే మాటను వేయిసార్లు పంపవలెను. ధ్వని ప్రసారమునకు సెకనుకు 64 కిలోబిట్లు చాలుననుకొన్నను, ప్రొద్దుటూరులోని వేయిమంది శ్రోతలకు 64 మెగాబిట్లు కావలెను. టెలివిజను చిత్రమైనచో ఒక్కొక్క ప్రతియే కొన్ని మెగాబిట్లు. ఊళ్లు ఎడమెడముగా నున్న మన సీమలో ఒకే పొడవైన తీగ పెక్కు గ్రామములకు ఆధారము కావచ్చును. అది నిండినచో పాట వినువానికే కాదు, ఆ తీగపై బ్యాంకు పని చూచుకొనువానికిని ఆటంకమే.

దీనికి విరుగుడుగా వచ్చినది మల్టీకాస్టు, అనగా బృంద ప్రసారము. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున స్టీవ్ డీరింగ్ రూపొందించిన ఈ పద్ధతికి 1989లో ప్రమాణపత్రము వెలువడినది. 1992 మార్చిలో శాన్ డియాగోలో జరిగిన ఇంటర్నెట్టు ఇంజనీర్ల సభలోని ప్రసంగములను దూరప్రాంతముల వారు ఈ పద్ధతిననే వినిరి. దీని సూత్రము చిన్నది: ఒక తీగపై ఒక్క ప్రతియే పోవలెను; దారి చీలిన చోటనే రౌటరు దానికి నకలు తీయవలెను.

కె.సి. కాలువను ఎరిగినవారికి ఈ ఏర్పాటు క్రొత్తది కాదు. 1860ల దశకమున మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ త్రవ్వించి, 1882లో ప్రభుత్వము స్వాధీనము చేసికొన్న ఆ కాలువ, సుంకేసుల వద్ద తుంగభద్ర నీటిని అందుకొని నంద్యాల మీదుగా కడప వైపు సాగును. ప్రతి పొలమునకు సుంకేసుల నుండి వేరొక కాలువ లేదు. ప్రధాన కాలువ ఒక్కటి. దానికి శాఖలు, శాఖలకు పంటకాలువలు. బృంద ప్రసారమును మోయు దారికిని పంపిణీ వృక్షమనియే పేరు. అయితే రెండు భేదములు కలవు. నీరు చీలినకొలది తగ్గును. నకలు తీసిన మాట తగ్గదు. నీటిని పైనుండి వదలుదురు. ఇచ్చట కోరిక క్రిందినుండి పైకి ప్రాకును. వినువాని యంత్రము తన ఊరి రౌటరును అడుగును; ఆ రౌటరు తన పై రౌటరును అడుగును. అడుగని శాఖకు ఒక్క ప్యాకెట్టును దిగదు.

ఇచ్చట ఒక చిక్కు. 224తో మొదలుకొని 239 వరకు గల చిరునామాలు బృందముల కొరకు ప్రత్యేకింపబడినవి. శ్రోతకు బృందము సంఖ్య తెలియును. మాటలాడువాడు ఎచ్చట నున్నాడో తెలియదు. మాటలాడువానికి శ్రోతలు ఎవరో తెలియదు. మరి ఇద్దరును కలియుట ఎట్లు? వారపు సంతను తలచుకొనుడు. అమ్మువాని ఊరు కొనువానికి తెలియదు, కొనువాని ఇల్లు అమ్మువానికి తెలియదు. సంత ఎచ్చట జరుగునో మాత్రము ఇద్దరికిని తెలియును. పిమ్ అను నియమావళిలో అట్టి సంతవంటి రౌటరు నొకదానిని ముందుగానే నిర్ణయింతురు. దానిని మేము కలయిక స్థానమని పిలిచెదము.

ఒక ఉదాహరణమును ఊహింతము. ప్రసారము కడపలో పుట్టుచున్నది. కలయిక స్థానము కర్నూలు. శ్రోత ప్రొద్దుటూరులో నున్నాడు. ప్రొద్దుటూరు రౌటరుకు రెండు తీగలు: ఒకటి మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాలల మీదుగా కర్నూలుకు, రెండవది యర్రగుంట్ల మీదుగా కడపకు. శ్రోత కోరగానే ప్రొద్దుటూరు రౌటరు కర్నూలు వైపు చేరిక సందేశమును పంపును. నడుమనున్న ప్రతి రౌటరును, ఫలానా బృందమును ఈ తీగపై దింపవలెనని గుర్తు పెట్టుకొనును. కడప రౌటరు తొలి ప్యాకెట్లను మరియొక కవరులో పెట్టి కర్నూలుకు పంపును. కర్నూలు రౌటరు కవరు విప్పి లోని మాటను శాఖలలోనికి వదలును. పిదప తానే కడప వైపు చేరిక సందేశము పంపి, ప్రసారము నేరుగా అందగానే ఇక కవరులు వలదని తెలుపును. కర్నూలు మొదలుగా గల ఈ వృక్షము ఉమ్మడి వృక్షము. మాటలాడువారు ఎందరైనను అందరికిని ఇదే.

పరిచయము కుదిరినది కాని, దారి చూడుడు. కడపకు ప్రొద్దుటూరు సుమారు 50 కిలోమీటర్లు. మాట మాత్రము సుమారు 200 కిలోమీటర్లు కర్నూలుకు పోయి, ఇంచుమించు అంత దూరము వెనుకకు రావలెను. పైగా అన్ని ప్రసారములును కర్నూలు కూడలిలోనే క్రిక్కిరియును. సంతలో పరిచయమైన పిదప కొనువాడు అమ్మువాని ఊరికే నేరుగా పోవచ్చును గదా! రౌటరును అట్లే చేయును. అందిన మొదటి ప్యాకెట్టు మీదనే పంపినవాని చిరునామా ఉండును. దానిని చూచి ప్రొద్దుటూరు రౌటరు యర్రగుంట్ల మీదుగా కడపకు క్రొత్త చేరిక సందేశము పంపును. ఇట్లు మూలము నుండి దగ్గరి దారిని పెరిగిన వృక్షము మూల వృక్షము.

ఈ మార్పులో క్రమము ముఖ్యము. పాత తూము ముందుగా మూసినచో ప్రసారము తెగును. రెండును తెరచియుంచినచో ప్రతి మాటయు రెండుసార్లు వచ్చును. కనుక రౌటరు యర్రగుంట్ల తీగపై మొదటి ప్యాకెట్టు అందువరకు పాత దారిదే తీసికొనును. అందిన క్షణము నుండి ఆ దారిన వచ్చిన దానినే స్వీకరించి, మైదుకూరు వైపు నుండి వచ్చిన దానిని పారవేయును. అటుపిమ్మట ఈ మూలము నుండి వచ్చునది ఇక మాకు వలదని కర్నూలు వైపు కత్తిరింపు సందేశము పంపును. దగ్గరి దారి వేగమైనది గనుక, దూరపు దారిలో ఇంకను నడచుచున్న కొన్ని ప్యాకెట్లు ఈ సంధిలో జారిపోవుట కలదు.

ఏ ప్యాకెట్టు రావలసిన తీగ మీదనే వచ్చినదా యని రౌటరు నిత్యమును పరీక్షించును. మూలమునకు తాను పోవలసియున్నచో ఏ తీగను పట్టునో, మూలమునుండి వచ్చునది ఆ తీగ మీదనే రావలెను; ఉమ్మడి వృక్షమున కలయిక స్థానమునకు పోవు తీగయే ప్రమాణము. ఈ పరీక్ష లేనిచో ఒకే ప్యాకెట్టు వలలో సుడి తిరుగుచు నకళ్లను పెంచుకొనుచుండును.

మరి ఎల్లప్పుడును మూల వృక్షమునే ఏల వాడరాదు? జ్ఞాపకశక్తికి వెల ఉన్నది. ఉమ్మడి వృక్షమున బృందమున కొక్క గుర్తు చాలును. మూల వృక్షమున మాటలాడు ప్రతివానికి వేరొక గుర్తు వలయును. ఇరువదిమంది అప్పుడప్పుడు మాటలాడు గోష్ఠికి ఉమ్మడి వృక్షము మేలు. ఒక్క కేంద్రము నుండి ఎడతెగక సాగు ప్రసారమునకు మూల వృక్షము మేలు. పెక్కు రౌటర్లు తొలి ప్యాకెట్టుతోనే దారి మార్చును; ఇంజనీరు కోరినచో మార్పును ఆపివేయవచ్చును. గుర్తులును శాశ్వతములు కావు. చేరిక సందేశమును 60 సెకనుల కొకసారి మరల పంపుచుండవలెను. 210 సెకనుల వరకు రానిచో ఆ శాఖ ఎండిపోవును.

2017 డిసెంబరు 27న రాష్ట్రపతి ప్రారంభించిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్, కరెంటు స్తంభముల మీదుగా తీగలు లాగి టెలివిజను, ఇంటర్నెట్టు, టెలిఫోనులను ఒకే తీగపై ఇండ్లకు చేర్చుటకు ఏర్పడినది. ఒకే యాజమాన్యము క్రింద నున్న వలలలో టెలివిజను చానళ్లకు మల్టీకాస్టు వాడుట లోకమున పరిపాటి. వల దాటి వలకు పోవునపుడు మాత్రము ఇది చొరవ చూపలేదు. ఒకరి శ్రోతల కొరకు మరొకరి రౌటర్లు గుర్తులను మోయవలెను. కలయిక స్థానము ఎవరిదన్న తగవును కలదు. ఇంటర్నెట్టు ఇంజనీర్ల సంఘము 2020లో, వేర్వేరు వలల నడుమ కలయిక స్థానముల పద్ధతిని విడిచి, మూలమును ముందే ఎరిగి నేరుగా చేరు పద్ధతిని పట్టుడని సలహా నిచ్చినది.

అందువలన నేడు సెల్‌ఫోనులో రేడియో వినువారికి సామాన్యముగా ఎవరి ప్రతి వారికే వచ్చుచున్నది. శ్రోతలు పెరిగినకొలది పంపువారి ఖర్చును పెరుగును. రేడియో వారమైన మాకు మల్టీకాస్టు మీద ఆసక్తి ఇందువలననే. చివరి ఊరి శ్రోత చేరినను మొదటి ఊరి తీగపై బరువు పెరుగని ఏర్పాటు, తీగలపైనను సాధ్యమేయని అది చూపుచున్నది.