దారి తప్పిన బ్యాచ్ ఫైల్!

కాలేజీ ల్యాబ్‌లో అరవై కంప్యూటర్లు. అన్నిట్లోనూ ఒకే సాఫ్ట్‌వేర్ వేయాలి. ఒక్కోదాని ముందూ కూర్చుని ‘నెక్స్ట్... నెక్స్ట్... ఫినిష్’ అని నొక్కుకుంటూ పోతే ఎప్పటికి తెమిలేను? అందుకే సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్లు నాలుగైదు వరుసల ఆదేశాలు రాసి ఓ ఫైల్లో పెడతారు. అదే బ్యాచ్ ఫైల్. రాత్రి నెట్‌వర్క్ ద్వారా వదిలేస్తే తెల్లారేసరికి పని పూర్తి. తెరమీద ఏదీ కనిపించదు, ఎవర్నీ ఏమీ అడగదు. ‘సైలెంట్ ఇన్‌స్టలేషన్’ అంటే ఇదే.

చిక్కంతా ఆ మౌనంతోనే. పని జరిగినా చప్పుడుండదు, జరక్కపోయినా ఉండదు! పొద్దున్నే వచ్చి చూస్తే ఒక్కదాన్లోనూ కొత్త సాఫ్ట్‌వేర్ జాడ కనిపించదు. తీరా అదే ఫైల్ని అడ్మినిస్ట్రేటర్ తన కంప్యూటర్లో మౌస్‌తో రెండుసార్లు నొక్కితే బుద్ధిగా పనిచేస్తుంది. మరి లోపం ఎక్కడ? చాలాసార్లు చిరునామాలో.

‘రామాలయం వెనక సందు, మూడో ఇల్లు’ అంటే ఊళ్లోవాళ్లకి చాలు. బయటినుంచి వచ్చినవాళ్లకి ఏ ఊరి రామాలయమో కూడా చెప్పాలిగా! బ్యాచ్ ఫైల్లో ఉత్త ‘సెటప్’ అని రాసినా అంతే. రెండుసార్లు నొక్కినప్పుడు విండోస్ ఆ ఫైలున్న ఫోల్డర్లోనే వెతుకుతుంది. అడ్మినిస్ట్రేటర్ హక్కులతో నడిపిస్తే మాత్రం ‘సిస్టమ్32’ ఫోల్డర్లో నిలబడి వెతుకుతుంది. అక్కడ మన సెటప్ ఎందుకుంటుందీ? దీనికి మందు ఐదు గుర్తులు: శాతం, అల గుర్తు, డి, పి, సున్నా. ‘నేనున్న ఫోల్డర్లోనే చూడు’ అని బ్యాచ్ ఫైల్ తరఫున చెప్పే మాట అది.

రెండో తిరకాసు డ్రైవ్ అక్షరాలది. సర్వర్లోని ఫోల్డర్‌ని ‘జడ్ డ్రైవ్’గా తగిలించుకుంటే, అది ఆ పని చేసిన యూజర్‌కే కనిపిస్తుంది. రాత్రిపూట ఇన్‌స్టలేషన్ సాధారణంగా ‘సిస్టమ్’ అనే ఖాతాతో నడుస్తుంది. ఆ ఖాతాకి జడ్డూ తెలీదు, వైయ్యీ తెలీదు. సర్వర్ పేరుతో మొదలయ్యే పూర్తి చిరునామా రాయాల్సిందే. ఆ ఫోల్డర్‌ని చదివే అనుమతి మనుషులకే కాదు, కంప్యూటర్లకీ ఇవ్వాలి.

ఇక ‘ప్రోగ్రామ్ ఫైల్స్’లాంటి పేర్లు. మధ్యలో ఖాళీ ఉంది కాబట్టి చిరునామా మొత్తాన్నీ కొటేషన్లలో పెట్టకపోతే కంప్యూటర్ అక్కడితో పేరు అయిపోయిందనుకుంటుంది. ఇదేమంత పెద్ద తప్పు అనిపిస్తుందిగానీ, 2001 నవంబరులో యాపిల్ సంస్థకే ఎదురైంది. మ్యాక్ కంప్యూటర్ల కోసం విడుదల చేసిన ఐట్యూన్స్ 2 ఇన్‌స్టలేషన్లో, పాత ఐట్యూన్స్‌ని తీసేయమని చెప్పే వరుసకి కొటేషన్లు లేవు. అది బ్యాచ్ ఫైల్ కాదుగానీ దాని వరసే. డిస్కు పేరులో ఖాళీ ఉన్న కొందరికి పాత ఐట్యూన్స్‌తో ఆగలేదు, డిస్కులోని ఫైళ్లే చెరిగిపోయాయి. పాటల కోసం చూస్తే ఉన్న ఫొటోలూ ఉత్తరాలూ కూడా పోయినట్టు! యాపిల్ దాన్ని హడావుడిగా వెనక్కి తీసుకుని 2.0.1 ఇచ్చింది.

అందుకే అనుభవం ఉన్నవాళ్లు ముందు ఒక్క కంప్యూటర్లో, అదీ ‘సిస్టమ్’ ఖాతాతోనే నడిపించి చూస్తారు. జరిగిందంతా లాగ్ ఫైల్లో రాసిపెట్టమంటారు. విండోస్ ఇన్‌స్టాలర్ చివర్లో ఇచ్చే అంకె సున్నా అయితే క్షేమం. 3010 అంటే పని అయింది, రీస్టార్ట్ చేయాలి. దాన్ని చూసి కంగారుపడక్కర్లేదు. 1619 అంటే ప్యాకేజీని తెరవలేకపోయిందని, అంటే మళ్లీ చిరునామానో అనుమతో చూసుకోవాలి. లాగ్ రాయమన్న ఫోల్డర్ అసలు ఆ కంప్యూటర్లో లేకపోతే? 1622 అని చెప్పి అక్కడే ఆగిపోతుంది.