గ్యాస్ బిళ్ళకు ముందు భోజనం లెక్క చూడండి

నర్సీపట్నంలో ఏ మందుల షాపు ముందు పది నిమిషాలు నిలబడినా "గ్యాస్ బిళ్ళ ఇవ్వండి" అనే మాట వినబడుతుంది. అడిగేవారిలో తెల్లవారుజామునే బండి తీసే ఆటో డ్రైవరు ఉంటాడు, నిన్న రాత్రి వలీమా విందు తిని వచ్చిన పెద్దమనిషి ఉంటాడు, అమ్మ కోసం పరుగెత్తుకొచ్చిన కుర్రవాడూ ఉంటాడు. బిళ్ళ మింగితే ఆ పూటకు హాయిగా ఉంటుంది. మర్నాడు మళ్ళీ అదే బాధ, అదే బిళ్ళ. ఇలా ఏళ్ళు గడిచిపోతాయి. ఈ మనిషి ఏం తింటున్నాడు, ఎప్పుడు తింటున్నాడు, ఎంత తింటున్నాడు అని మాత్రం ఇంట్లో ఎవరూ అడగరు.

ఈ ప్రశ్నలు అడిగి, జవాబులు రాయించి, వాటిని బట్టి భోజనాన్ని కొద్దికొద్దిగా సరిదిద్దడమే పోషకాహార సలహా. పరీక్షల్లో ఏ జబ్బూ బయటపడకపోయినా ఏళ్ళ తరబడి కడుపునొప్పి, ఉబ్బరం, విరేచనాలు లేదా మలబద్ధకంతో బాధపడేవారు ఎందరో ఉన్నారు. దీన్ని డాక్టర్లు ఐ.బి.ఎస్. అంటారు. పేగుల కదలికలోనూ, పేగులకూ మెదడుకూ మధ్య నడిచే నరాల సంకేతాలలోనూ తేడా రావడం వల్ల ఈ బాధ కలుగుతుంది. కనుక "నీకేమీ లేదు, అంతా అనుమానం" అని రోగిని కసురుకోవడం అన్యాయం. ఈ జబ్బుకు ఆహార, జీవనవిధాన సలహాతోనే చికిత్స మొదలుపెట్టాలని బ్రిటన్ ప్రభుత్వ వైద్య మార్గదర్శకాలు 2008లోనే సూచించాయి.

అన్నిటికీ ఒకే పేరా?

మన ఇళ్ళలో ఉర్దూలో మాట్లాడుకునేటప్పుడు బాధకో పేరుంది. తిన్నది అరగకపోతే బద్‌హజ్మీ, మలబద్ధకమైతే ఖబ్జ్, గుండెల్లో మంటైతే సీనే మే జలన్, రక్తం, జిగట పడితే పేచిష్. తెలుగులోనూ పులిత్రేన్పులు, కడుపుబ్బరం, అజీర్తి అని విడివిడిగా చెప్పుకుంటాం. డాక్టరు ముందు కూర్చోగానే మాత్రం ఇవన్నీ కలిసి "గ్యాస్" అయిపోతాయి! గుండెల్లో మంటకూ మలబద్ధకానికీ కారణం ఒకటి కాదు, మందూ ఒకటి కాదు. కాబట్టి బాధ ఎక్కడ, ఎప్పుడు, తిన్న ఎంతసేపటికి వస్తుందో విడమరచి చెప్పడం నేర్చుకోవాలి.

ఇందులో ప్రాణానికి సంబంధించిన మాట కూడా ఒకటుంది. ఛాతీలో బరువుగా నొప్పి వచ్చి, చెమటలు పట్టి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకుతుంటే అది గుండెపోటు కావచ్చు. దాన్ని గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. మధుమేహం ఉన్నవారిలో, స్త్రీలలో గుండెపోటు ఇంత స్పష్టంగా కాక, ఆయాసంగానో, వికారంగానో, పైకడుపు నొప్పిగానో కూడా కనిపించవచ్చు.

ముందు డాక్టరు

ఆహార సలహాకు వెళ్ళే ముందు కొన్ని జబ్బులు లేవని తేల్చుకోవడం తప్పనిసరి. మలంలో రక్తం పడటం, మలం తారులా నల్లగా రావడం, ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, రక్తహీనత, మింగుడు పడకపోవడం, ఆగని వాంతులు, నిద్రలేపే నొప్పి, యాభై ఏళ్ళు దాటాక కొత్తగా మొదలైన మలవిసర్జన మార్పు, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ వచ్చి ఉండటం - వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోవాలి.

పుండు సంగతి చూడండి. కారం తినడం వల్ల, దిగులు వల్ల కడుపులో పుండు పడుతుందని చాలాకాలం నమ్మారు. ఆస్ట్రేలియాకు చెందిన బారీ మార్షల్, రాబిన్ వారెన్ 1982లో కడుపులో ఉండే హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవిని వేరు చేసి, పుండుకు ముఖ్య కారణం అదేనని నిరూపించారు. 2005లో వారికి నోబెల్ బహుమతి లభించింది. ఆ క్రిమి ఉంటే డాక్టరు రాసిన యాంటీబయాటిక్ మందులు పూర్తి కాలం వాడాలి, పథ్యం ఒక్కటే చాలదు. మోకాళ్ళ నొప్పికని రోజూ వేసుకునే డైక్లోఫినాక్ వంటి మాత్రలు కూడా పుండుకు కారణమవుతాయి. కడుపునొప్పి అని చెప్పేటప్పుడు ఆ మాత్రల సంగతి దాచకూడదు.

పాంటోప్రజోల్ వంటి ఆమ్లం తగ్గించే మాత్రలు మంచివే. అవసరమైనవారికి అవి వరం. కానీ అవసరం లేకుండా ఏళ్ళ తరబడి వాడితే శరీరంలో బి12 విటమిన్, మెగ్నీషియం తగ్గే ప్రమాదం ఉంది. డాక్టరు రాసిచ్చిన మాత్రను సొంతంగా ఆపకూడదు. ఇంకా ఎంతకాలం వాడాలి అని ఆయననే అడగాలి.

రెండు వారాల నోటు పుస్తకం

మంచి డైటీషియన్ మొదటిరోజే నిషేధాల జాబితా చేతిలో పెట్టరు. రెండు వారాలపాటు ఒక నోటు పుస్తకం రాయమంటారు. లేచిన సమయం, తాగిన టీలు, తిన్న పదార్థం, తిన్న వేళ, బాధ వచ్చిన వేళ, మలవిసర్జన, నిద్ర - ఇవే అందులో రాయవలసినవి. పది రూపాయల పుస్తకం చాలు.

మాకు తెలిసిన ఒక ఇల్లాలి సంగతి చెబుతాము. ఆమెకు ఎన్నో ఏళ్ళుగా సాయంత్రమయ్యేసరికి కడుపు రాయిలా ఉబ్బిపోయేది. పరీక్షల్లో ఏమీ తేలలేదు. ఆమెకు రాయడం రాదు కనుక తొమ్మిదో తరగతి చదివే కొడుకు రోజూ అడిగి పుస్తకంలో రాశాడు. రెండు వారాలు పూర్తయ్యాక చూస్తే విషయం తేటతెల్లమైంది. ఫజర్ నమాజు తర్వాత ఒక టీ, అందరికీ నాస్తా పెట్టాక ఒకటి, వంట మధ్యలో ఇంకొకటి, ఎవరైనా వస్తే మరొకటి. అన్నం మాత్రం అందరూ తిని లేచాక మూడున్నరకు! అదీ మిగిలినది పారేయడం ఇష్టంలేక ఆకలికి మించి తినడం. ఉదయం తినకుండా ఉన్నట్లు ఇంట్లో ఎవరికీ తెలియదు. రాసిన కుర్రవాడే ముందుగా నొచ్చుకున్నాడు. ఒంటిగంటకు పిల్లలతోపాటే అమ్మ కూడా కూర్చోవాలని నిర్ణయించారు. టీలు రెండుకు తగ్గాయి, ఉదయం రెండు ఇడ్లీలో, ఒక రొట్టో తినడం మొదలైంది. నెల తిరిగేసరికి ఉబ్బరం చాలావరకు తగ్గింది. ఆమె వంటలో ఒక్క పదార్థం కూడా మారలేదు.

ఆడవారు అందరి తర్వాత తినడం మన ఇళ్ళలో మర్యాదగా చలామణీ అవుతోంది. ప్రయాణాల్లో, బడుల్లో మరుగుదొడ్డి దొరకదని నీళ్ళు తాగకుండా ఉండటం కూడా వారికే అలవాటు. మలబద్ధకానికి ఈ రెండూ దారితీస్తాయి. కడుపును మూడు భాగాలుగా పంచుకొమ్మన్న మహాప్రవక్త (స) బోధ తెలియని ముస్లిం ఇల్లు ఉండదు. అతిగా తినేవారికి అది ఎంత అవసరమో, వేళకు తినలేకపోతున్నవారిని పట్టించుకోవడమూ ఇంటి పెద్దలకు అంతే అవసరం.

చోళ్ళు, పీచు, పెరుగు

పేగుల్లో కోటానుకోట్ల సూక్ష్మజీవులు నివసిస్తాయి. మనం అరిగించుకోలేని పీచుపదార్థమే వాటికి ఆహారం. ఆ పీచును పులియబెట్టి అవి తయారుచేసే ఆమ్లాలే పెద్దపేగు గోడలకు శక్తినిస్తాయి. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఆధ్వర్యంలో మొదలై 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ, రోజుకు 2000 కేలరీలు తినేవారికి సుమారు 30 గ్రాముల పీచు అవసరమని చెబుతోంది. 2024లో ఆ సంస్థ విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం అలాంటివారి పళ్ళెంలో రోజుకు ధాన్యాలు 250 గ్రాములు, పప్పుదినుసులు 85 గ్రాములు ఉంటే, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు ఉండాలి. మన విందుల్లో ఈ లెక్క తలకిందులుగా ఉంటుందని వేరే చెప్పాలా?

పాలిష్ బియ్యం 100 గ్రాములలో పీచు మూడు గ్రాములలోపే. అదే మనం చోళ్ళు అని పిలుచుకునే రాగుల్లో సుమారు 11 గ్రాములు. చింతపల్లి కొండల చోళ్ళు, సామలు మన సంతకే వస్తాయి. వారానికి రెండు మూడు పూటలు చోడి అంబలి గానీ, సామల అన్నం గానీ తినడం ఖర్చుతో కూడిన పనేమీ కాదు. గంజిని పులియబెట్టి పెద్దలు చేసే తరవాణి, చద్దన్నం, తోడుపెట్టిన పెరుగు - వీటిలో మేలుచేసే సూక్ష్మజీవులు ఉంటాయి. శుభ్రమైన కుండ, శుభ్రమైన నీళ్ళు మాత్రం తప్పనిసరి.

ఇక్కడొక హెచ్చరిక. పీచు మంచిదని విని ఒక్కసారిగా పెంచితే ఉబ్బరం ఎక్కువవుతుంది. వారానికి కొంచెం చొప్పున పెంచాలి, నీళ్ళు కూడా పెంచాలి. మలబద్ధకానికి వాడే ఇసబ్‌గోల్ కూడా అంతే. గ్లాసు నిండా నీళ్ళతో తీసుకోకపోతే మేలుకు బదులు కీడు జరుగుతుంది.

ఉల్లి, వెల్లుల్లి మానాలా?

కొందరి పేగులకు కొన్ని రకాల పిండిపదార్థాలు సరిపడవు. అవి చిన్నపేగులో పూర్తిగా ఇంకక పెద్దపేగుకు చేరి, పులిసి గాలి పుట్టిస్తాయి. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, శనగ, రాజ్మా, కొందరికి పాలు ఈ కోవలోకి వస్తాయి. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వీటిని కొంతకాలం తగ్గించే ఆహార పద్ధతిని రూపొందించారు. అనుమానం ఉన్నవాటిని రెండు నుంచి ఆరు వారాలు ఆపి, ఆ తర్వాత ఒక్కొక్కటిగా తిరిగి తిని చూడాలి. ఏది పడలేదో అదే తగ్గించుకోవాలి. జీవితాంతం అన్నీ మానేయడం ఈ పద్ధతి ఉద్దేశం కాదు. అలా చేస్తే పోషకాలు తగ్గిపోతాయి, మేలుచేసే సూక్ష్మజీవులూ తగ్గుతాయి. కనుక దీన్ని డైటీషియన్ పర్యవేక్షణలోనే చేయాలి. గోధుమ మానేముందు సీలియాక్ జబ్బు పరీక్ష చేయించుకోవాలి. మానేశాక చేస్తే పరీక్షలో జబ్బు బయటపడకపోవచ్చు.

మరి బిర్యానీ, దాల్చా సంగతేమిటంటారా? ఉల్లి, వెల్లుల్లిలోని ఆ పదార్థం నీళ్ళలో కరుగుతుంది గాని నూనెలో కరగదు. ముక్కలను నూనెలో వేయించి తీసేస్తే రుచి, వాసన నూనెలో మిగులుతాయి, బాధపెట్టేది బయటికి పోతుంది. ఉల్లికాడల ఆకుపచ్చ భాగం చాలామందికి పడుతుంది. శనగలు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి వండితే మేలు. పాలు పడనివారిలో చాలామందికి పెరుగు పడుతుంది.

రంజాన్‌లో, రాత్రి వేళల్లో

ఇఫ్తార్‌లో ఖర్జూరం, నీళ్ళు తీసుకుని, మగ్‌రిబ్ నమాజు తర్వాత నిదానంగా భోజనం చేస్తే కడుపుకు సుఖం. ఖాళీ కడుపుపై సమోసాలు, బజ్జీలు, చల్లటి షర్బత్‌లు ఒకేసారి పడితే అర్ధరాత్రి దాకా మంట తప్పదు. సహరీ మానేయకూడదు, తిన్న వెంటనే పడుకోకూడదు. మామూలు రోజుల్లోనూ రాత్రి భోజనానికీ పడకకూ రెండు మూడు గంటల వ్యవధి ఉండాలి. మంట ఎక్కువ ఉన్నవారు మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేసుకుంటే ఆమ్లం పైకి ఎగదన్నడం తగ్గుతుంది. జర్దా, గుట్కా, సిగరెట్ మానడం ఎలాగూ తప్పనిసరి. పుండు, మధుమేహం వంటివి ఉన్నవారు రంజాన్‌కు ముందే డాక్టరును కలిసి మందుల వేళలు మార్పించుకోవాలి. రోగికి ఉపవాసాన్ని తర్వాతి రోజులకు వాయిదా వేసుకునే వెసులుబాటును ఖుర్‌ఆనే ప్రసాదించింది.

సలహా ఎవరిని అడగాలి?

ఈ రోజుల్లో కోచ్ అని బోర్డు పెట్టుకోవడానికి ఎవరికీ అడ్డు లేదు. పోషకాహారంలో డిగ్రీ ఉందా, ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ పరీక్ష పాసై రిజిస్టర్డ్ డైటీషియన్ అయ్యారా అని అడగడం మన హక్కు. పొడి డబ్బాలు కొంటేనే సలహా ఇస్తామనేవారి దగ్గర, డాక్టరు మందులు ఆపేయమనేవారి దగ్గర జాగ్రత్తగా ఉండాలి. మొదట మన ఏరియా ఆసుపత్రిలో చూపించుకుని, అవసరమైతే విశాఖ కె.జి.హెచ్.కు వెళ్ళవచ్చు. దూరం పోలేనివారికి ప్రభుత్వ ఈ-సంజీవని ద్వారా ఉచితంగా డాక్టరుతో మాట్లాడే సౌకర్యం ఉంది.

ఎవరి దగ్గరకు వెళ్ళినా నోటు పుస్తకం వెంట తీసుకువెళ్ళండి. ఈ శుక్రవారం జుమా నమాజు తర్వాత ఇంటికి వెళ్ళి, మొదటి పేజీలో ఇంటివారందరి పేర్లూ రాసి, పక్కన ఎవరు ఏ వేళకు తిన్నారో వేయండి. అందరికంటే ఆఖరి వేళ ఎవరి పేరు పక్కన ఉంటుందో చూడండి. రేపటి నుంచి ఆమెను కూర్చోబెట్టి మనం వడ్డిద్దాం.