మీకు తెలుసా? ఆ విభూది నిరుటి మట్టలదే!

విభూది బుధవారం నాడు కతోలిక గురువు విశ్వాసుల నుదుట పెట్టే బూడిద, కిందటేడు మట్టల ఆదివారం ఊరేగింపులో పట్టుకున్న మట్టలదే. ఇంట్లో సిలువ దగ్గర దాచుకున్న ఎండుమట్టలను జనం గుడికి తెచ్చిస్తారు. వాటిని కాల్చి, జల్లించి, మెత్తని పొడి చేస్తారు.

విభూది బుధవారంతో మొదలయ్యే తపస్సుకాలం నలభై రోజులంటారు గానీ, ఆ బుధవారం నుంచి ఈస్టర్ ముందటి శనివారం దాకా లెక్కపెడితే 46 వస్తాయి. ఆరు ఆదివారాలను ఉపవాసంలో కలపరు. అవి ప్రభువు పునరుత్థానాన్ని తలుచుకునే రోజులు కదా!

ఈ కాలంలో శుక్రవారాల్లో సిలువ మార్గం ఉంటుంది. గుడి గోడలపై యేసు సిలువ యాత్రను చూపే 14 స్థలాల ముందు ఆగి, మోకరించి ప్రార్థిస్తారు.

అన్నిటికన్నా మనసును తాకేది పూజలో ‘అల్లెలూయా’ లేని లోటు. తపస్సుకాలమంతా దాన్ని పాడరు. పాస్కా (ఈస్టర్) జాగరణ రాత్రి గురువు మొదలుపెడితే గుడి అంతా అందుకుంటుంది.