ఉపవాసం, కంటి చుక్కలు

రమజాన్ మాసం ప్రవేశించగానే కొందరు పెద్దలు కంటి చుక్కల మందును పక్కన పెట్టేస్తారు. చుక్క వేసుకున్న కొంతసేపటికి గొంతులో చేదు తెలుస్తుంది కనుక ఉపవాసం భంగమవుతుందని వారి భయం. ఆ భయం వెనుక ఉన్నది భక్తే. అయితే కంటిలో వేసిన మందు గాని, సుర్మా గాని, దాని రుచి గొంతులో తెలిసినా సరే, ఉపవాసాన్ని భంగపరచదని హనఫీ, షాఫయీ ధర్మవేత్తలు స్పష్టంగా చెప్పారు.

శుక్లానికి శస్త్రచికిత్స ఒక నెల ఆలస్యమైనా సాధారణంగా నష్టం ఉండదు. మసకబారిన కటకాన్ని తీసి కృత్రిమ కటకం అమర్చితే చూపు తిరిగి వస్తుంది. వైద్యులు గ్లాకోమా అని పిలిచే నీటికాసులు అలాంటిది కాదు. ఇందులో చాలామందికి కంటిలోపలి పీడనం పెరిగి దృష్టినాడి క్రమంగా దెబ్బతింటుంది. మొదట పక్కచూపు తగ్గుతుంది. తరచుగా నొప్పి ఉండదు కనుక రోగికి తెలియనే తెలియదు. అలా పోయిన చూపును ఏ మందూ, ఏ శస్త్రచికిత్సా తిరిగి తేలేవు. చుక్కలు మిగిలిన చూపును కాపాడతాయి, అంతే. వాటిని మానితే పీడనం మళ్ళీ పెరుగుతుంది. ఈ వ్యాధి ఉన్నవారి తోబుట్టువులు, సంతానం కూడా పరీక్ష చేయించుకోవడం అవసరం.

ఇంత చెప్పినా మనసు ఒప్పుకోని వారుంటారు. అలాంటివారు రమజాన్‌కు ముందే డాక్టరును అడిగి, రోజుకు రెండుసార్లు వేసే మందును సహరీ వేళ, ఇఫ్తార్ తర్వాత వేసుకోవచ్చు. చుక్క వేశాక కన్ను మూసి, ముక్కు పక్కనున్న కంటి మూలను రెండు నిమిషాలు వేలితో మెల్లగా నొక్కి ఉంచితే మందు గొంతులోకి దిగడం బాగా తగ్గుతుంది. పగటిపూట కూడా వేయాలని డాక్టరు చెబితే మాత్రం ఆ చుక్క మానకూడదు.