కోవ్ రేవులో వీడ్కోలు

మొన్న మైత్రీవనంలో విదేశీ చదువుల బోర్డుల కింద నా పాత విద్యార్థి తండ్రి కలిశారు. "మౌల్వీసాబ్, అబ్బాయి ఐర్లండ్‌లోని కార్క్‌లో చదవబోతున్నాడు. మేము వెళితే చూడదగ్గదేముంది?" అన్నారు. కోవ్ చూసి రమ్మన్నాను. నేను వెళ్లినవాణ్ణి కాను, చదివి తెలుసుకున్నదే.

కార్క్ నుంచి రైల్లో అరగంట లోపే. సముద్రానికెదురుగా కొండవాలున రంగురంగుల ఇళ్లు, పైన పెద్ద చర్చి. 1912 ఏప్రిల్ 11న టైటానిక్ ఓడ చివరగా ఆగింది ఇక్కడే. యాత్రికులు దానికోసమే ఎగబడతారు గానీ, చూడవలసింది ఒడ్డునున్న అన్నీ మూర్ విగ్రహం. పదిహేడేళ్ల ఆ పిల్ల ఇద్దరు తమ్ముళ్లను వెంటబెట్టుకుని 1891 డిసెంబరులో ఇక్కడే ఓడ ఎక్కింది. అమెరికాలోని ఎల్లిస్ దీవిలో నమోదైన తొలి వలసదారు ఆమే.

1845లో బంగాళాదుంపకు తెగులు సోకి ఆ దేశంలో ఘోరమైన కరువొచ్చింది. (తుర్కీ సుల్తాన్ అబ్దుల్ మజీద్ 1847లో వెయ్యి పౌండ్లు పంపారు.) తర్వాతి నూరేళ్లలో సుమారు 25 లక్షల మంది ఈ రేవు నుంచే దేశం విడిచారు. ప్రయాణానికి ముందురాత్రి బంధువులంతా చేరి, మరణించిన వారింట కూర్చున్నట్టే తెల్లవార్లూ కూర్చునేవారట. తిరిగొచ్చేవారు తక్కువ మరి.

ఆయన కాసేపు మాట్లాడలేదు. "మా ఇంట్లోవాళ్లకు ఈ సంగతి చెప్పకండి మౌల్వీసాబ్" అన్నారు. ఆమె అప్పటికే పచ్చడి సీసాలు మూటగడుతున్నారట.