ధ్వనిముద్రణ – సాక్ష్యం: ‘ఆర్గనైజేషన్’ ఏకైక ఆల్బమ్, ఆదిలాబాద్ కిక్రి గానం

వ్యాససంగ్రహం: జర్మనీలోని డ్యూసెల్డార్ఫ్ నగరానికి చెందిన ‘ఆర్గనైజేషన్’ అనే రాక్ బృందం 1970లో ఒకే ఒక ఆల్బమ్ వెలువరించి విడిపోయింది. ఆ బృందం గురించి నేడు మనం మాట్లాడగలగడానికి ప్రధానాధారం ఆ ఒక్క ఎల్పీయే. ఆదిలాబాద్ రాజ్‌గోండుల వంశగాథలను తరతరాలుగా గానం చేస్తున్న పర్ధాన్ కళాకారుల సంగీతాన్ని ధ్వనిముద్రణ చేసేటప్పుడు ఏయే వివరాలను భద్రపరచాలి? ఈ ప్రశ్నను ఆ ఎల్పీ వెలుగులో పరిశీలించడం ప్రస్తుత వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ప్రోగ్రెసివ్ రాక్, టోన్ ఫ్లోట్, కిక్రి, పర్ధాన్, తోటి, రాజ్‌గోండు, ధ్వనిముద్రణ.

‘టోన్ ఫ్లోట్’ నేపథ్యం

1960ల చివరిలో పశ్చిమ జర్మనీ యువసంగీతకారులు కొందరు ఆంగ్లో-అమెరికన్ రాక్ బాణీలను అనుకరించడం మాని, మూడు నిమిషాల పాట చట్రాన్ని దాటి, దీర్ఘమైన ఆశువాదనం వైపు మళ్లారు. బ్రిటిష్ పత్రికలు ఈ ధోరణికి ‘క్రౌట్‌రాక్’ అని పేరుపెట్టాయి. ‘క్రౌట్’ అంటే క్యాబేజీ. యుద్ధకాలంలో జర్మన్లను ఎగతాళి చేయడానికి వాడిన మాట. వెక్కిరింపుగా పుట్టిన పేరే చివరికి శాస్త్రీయ పరిభాషగా స్థిరపడటం మన కళారూపాల చరిత్రలోనూ కొత్తేమీ కాదు.

రాల్ఫ్ హ్యూటర్, ఫ్లోరియన్ ష్నైడర్ డ్యూసెల్డార్ఫ్‌లో సంగీత విద్యార్థులుగా కలుసుకున్నారు. బాసిల్ హమ్మౌడి, బుచ్ హౌఫ్, ఫ్రెడ్ మోనిక్స్ వారితో చేరారు. బృందం పూర్తి పేరుకు ‘ఉమ్మడి సంగీత భావనలను సాకారం చేసే సంస్థ’ అని అర్థం. వాడుకలో అది ‘ఆర్గనైజేషన్’గా కుదించుకుపోయింది. కోనీ ప్లాంక్ పర్యవేక్షణలో ముద్రించిన వారి ఆల్బమ్ ‘టోన్ ఫ్లోట్’ను ఆర్‌సీఏ సంస్థ 1970లో విడుదల చేసింది. అయితే ఆ విడుదల జర్మనీలో కాదు, బ్రిటన్‌లో జరిగింది. రికార్డు పెద్దగా అమ్ముడుపోలేదు, బృందం విడిపోయింది. హ్యూటర్, ష్నైడర్‌లు ‘క్రాఫ్ట్‌వెర్క్’ పేరుతో కొనసాగి ఎలక్ట్రానిక్ సంగీతానికి ప్రపంచ ప్రసిద్ధి తెచ్చారు. 2009లో క్రాఫ్ట్‌వెర్క్ తన ఎనిమిది ఆల్బమ్‌లను సంపుటంగా తెచ్చినప్పుడు 1974 నాటి ‘ఆటోబాన్’ను మొదటిదిగా లెక్కించింది. ‘టోన్ ఫ్లోట్’ ఊసే అందులో లేదు. కర్తలే పక్కనపెట్టిన ఈ కృతి దశాబ్దాలుగా అనధికార ప్రతుల ద్వారా శ్రోతలకు చేరుతూ వచ్చింది.

ఈ ఎల్పీలో మొదటి వైపంతా ఒకే రచన ఆక్రమించింది. దాని నిడివి ఇరవై నిమిషాలకు పైమాటే. ఎల్పీ ఒక వైపున సాధారణంగా పట్టేది కూడా దాదాపు అంతే. అంటే ఆశువాదనానికి హద్దు గీసింది వాద్యకారుల ఊహ మాత్రమే కాదు, ప్లాస్టిక్ పళ్లెం కూడా.

కిక్రి గానం

ఆదిలాబాద్ వైపు చూస్తే సమస్య స్వరూపం మారుతుంది. పర్ధాన్‌లు రాజ్‌గోండులకు వంశపారంపర్య గాయకులు. తోటి కళాకారులది కూడా ఇటువంటి వృత్తే. కమానుతో వాయించే మూడు తంతుల కిక్రి పర్ధాన్‌ల ప్రధాన వాద్యం. ఊదే పెప్రె, డోలు దీనికి తోడవుతాయి. పెర్సపేన్ కొలుపుల్లోనూ మరణానంతర కర్మల్లోనూ వీరి గానం తప్పనిసరి. పర్ధాన్‌ల ఇంటిభాష మరాఠీ, వారు గాథలు పాడేది గోండీలో. పాడేవారి ఇంటిభాష ఒకటి, పాట భాష మరొకటి కావడం వల్ల, గాథల గోండీ నిత్యవ్యవహార గోండీకి ఎంత దగ్గర, ఎంత దూరం అన్నది భాషాశాస్త్రజ్ఞులు తేల్చవలసిన విషయం.

రాక్ బృందం మాదిరిగా ఇక్కడ సభ్యులు కూడి బృందాన్ని స్థాపించరు. ఫలానా పర్ధాన్ కుటుంబం ఫలానా గోండు కుటుంబాలకు గాయకులన్న సంబంధం పుట్టుకతో వస్తుంది. ఏ గాథ పాడాలో కూడా ఆ సంబంధమే నిర్ణయిస్తుంది. కాబట్టి మెస్రం వంశీయుల గాథను ముద్రించి ‘గోండుల పురాణం’ అని పేరుపెడితే తక్కిన వంశాలను చెరిపేసినట్టే. ఒక ఎల్పీ ఒక బృందానికి ప్రతినిధి కాగలదు, ఒక గాథ ఒక జాతి మొత్తానికి ప్రతినిధి కాలేదు.

క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ 1948లో ప్రచురించిన ‘ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ గ్రంథం ఈ గాథల అధ్యయనానికి నేటికీ పునాది. కానీ ఆ పుటల్లో పాఠకుడికి కథ దొరుకుతుంది, కిక్రి స్వరం దొరకదు. నార్నూరు మండలం గుంజాలలో లభించిన గోండీ లిపికి 2018లో యూనికోడ్‌లో స్థానం దక్కింది. అక్షరానికి దక్కిన ఈ భద్రత ధ్వనికి దక్కలేదు. కంటికి ఇంపైన కళకు మాత్రం ఆదరణ లభించింది. మార్లవాయి వాసి కనకరాజు నేర్పిన గుస్సాడీ ఢిల్లీ గణతంత్ర వేడుకల దాకా వెళ్లింది, ఆయనకు 2021లో పద్మశ్రీ వచ్చింది. అది ఎంతో సముచితం. అయితే నెమలిపింఛాల టోపీని కెమెరా ఇట్టే పట్టుకుంటుంది, రాత్రంతా సాగే గాథను పట్టుకోలేదు. వేదిక మీద పది నిమిషాలకు కుదించిన కిక్రి గానాన్నే నమూనాగా భద్రపరిస్తే, భావి పరిశోధకుడు దాన్నే సంప్రదాయ ప్రమాణంగా పొరబడే ప్రమాదముంది.

అట్ట మీది పేర్లు

‘టోన్ ఫ్లోట్’ రికార్డు వివరాల్లో ఎవరు ఏ వాద్యం వాయించారో స్పష్టంగా ఉంది. హ్యూటర్‌కు హమ్మండ్ ఆర్గాన్, ష్నైడర్‌కు వేణువు, ఎలక్ట్రిక్ వయొలిన్ వగైరా. హౌఫ్ పేరిట బాస్ గిటార్‌తోపాటు చిరుగంటలు, ప్లాస్టిక్ సుత్తి కూడా నమోదయ్యాయి. అమ్ముడుపోని రికార్డులో ప్లాస్టిక్ సుత్తికి దక్కిన గౌరవం, మన సేకరణల్లో ‘గోండు పాట, గాయకుడు: ఆదివాసీ’ అని ముగించే పద్ధతిలో నిష్ణాతుడైన కిక్రి వాద్యకారుడికి దక్కదు. కరీంనగర్ ప్రాంతపు ఒగ్గుకథలో పరిస్థితి కొంత మెరుగు. హన్మాజీపేట మిద్దె రాములు వంటి కథకుల పేరు చెప్పే కథను గుర్తుచేసుకుంటారు. కానీ అక్కడ కూడా ప్రధాన కథకుడి పేరు నిలిచినంతగా డోలు వాయించినవారి పేర్లు నిలవలేదు.

హక్కుల విషయం మరింత జటిలం. ‘టోన్ ఫ్లోట్’ అనధికార ప్రతుల వల్ల ఎవరికి నష్టమో చెప్పడం సులభం: ఐదుగురు వాద్యకారులు, ఒక సంస్థ. పర్ధాన్ గాథ విషయంలో గానం గాయకుడిది, గాథ అతణ్ణి పోషించే గోండు వంశానిది. ఒకరి అనుమతి మరొకరి అనుమతికి బదులు కాదు. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరలో ధ్వనిముద్రణ చేపట్టే పరిశోధకుడు ఇద్దరినీ అడగాలి. పాడినవారి, వాయించినవారి పేర్లు, ఊర్లు, వారు ఏ వంశానికి గాయకులో, ఏ సందర్భంలో ఏ వేళ పాడారో రాసుకోవాలి. గాథను మధ్యలో తుంచకూడదు. విశ్వవిద్యాలయానికి చేరే ప్రతితోపాటు మరో ప్రతి ఆ పర్ధాన్ ఇంటికీ, ఇంకొకటి ఆ గోండు వంశ పెద్దలకూ చేరాలి.