పెట్రోలు ఆవిరిని పట్టే నల్లడబ్బా

మే నెల మధ్యాహ్నాల్లో సికింద్రాబాద్ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పెట్రోల్లోని తేలిక పదార్థాల్లో ఒకటైన పెంటేన్ మరిగేది 36 డిగ్రీలకే. అందుకే రైల్వే స్టేషను ఎదుట ఎండలో నిలిపిన కారు ఇంజను ఆగి ఉన్నా, ట్యాంకులో పెట్రోలు ఆవిరవుతూనే ఉంటుంది. ఆ ఆవిరి వీధిలోకి రాకుండా పట్టి ఉంచేది ఓ నల్లటి ప్లాస్టిక్ డబ్బా. పేరు చార్‌కోల్ క్యానిస్టర్.

దీని పుట్టుకకు కారణం లాస్ ఏంజెలెస్ పొగ. 1940ల్లో ఆ నగరవాసుల కళ్లు మండించిన పొగ ఎలా పుడుతోందో తేల్చినవాడు, కాల్టెక్‌లో అనాసపండు వాసన మీద పరిశోధన చేసిన డచ్ శాస్త్రవేత్త ఏరీ హాగెన్-స్మిట్. హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండ తగిలి ఓజోన్‌ను పుట్టిస్తాయని 1950ల మొదట్లో ఆయన చూపాడు. అంటే సైలెన్సర్ పొగతోపాటు, కాలకుండానే గాలిలో కలిసే పెట్రోలు ఆవిరికీ ఇందులో వాటా ఉంది. ఆ ఆవిరిని పట్టే ఏర్పాటు కాలిఫోర్నియాలో 1970 మోడల్ కార్ల నుంచి, అమెరికా అంతటా 1971 నుంచి తప్పనిసరైంది.

డబ్బాలో ఉండేది యాక్టివేటెడ్ కార్బన్ అనే బొగ్గు. ఒక్క గ్రాములోని సూక్ష్మరంధ్రాల గోడల వైశాల్యమంతా కలిపితే వెయ్యి చదరపు మీటర్లు దాటగలదు. ఆవిరి ఆ గోడలకు అంటుకుంటుంది. ఇంజను వేడెక్కి నడుస్తున్నప్పుడు కారు కంప్యూటర్ డబ్బాకూ ఇంజనుకూ మధ్య ఉన్న పర్జ్ వాల్వును తెరుస్తుంది. ఇంజను పీల్పుకు బయటి గాలి బొగ్గు గుండా వచ్చి, ఆవిరిని సిలిండర్లలోకి మోసుకుపోతుంది. అక్కడ అది ఇంధనంగా కాలుతుంది. బొగ్గు మళ్లీ ఖాళీ అవుతుంది.

2010 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్-4 కాలుష్య నిబంధన ముందుగా అమలైన 13 నగరాల జాబితాలో హైదరాబాద్-సికింద్రాబాద్ ఉంది. ఆ నిబంధన ప్రకారం కారును మూసిన గదిలో ఉంచి, వేడి పెంచి కొలిచినప్పుడు బయటికొచ్చే ఆవిరి 2 గ్రాములు మించకూడదు. తర్వాత బైకులకూ, స్కూటర్లకూ ఈ డబ్బా వచ్చింది.

ఈ వ్యవస్థలో లోపం పట్టడం ఓపిక కోరే పని. అమెరికా కార్లు ట్యాంకునూ గొట్టాలనూ మూసి, ఒత్తిడి నిలుస్తుందో లేదో తామే చూసుకుంటాయి. అర మిల్లీమీటరు రంధ్రాన్ని కూడా పసిగట్టగలవు. యూరప్ బాటలో నడిచిన మన నిబంధనలు కనీసంగా కోరేది పర్జ్ వాల్వు విద్యుత్ సర్క్యూట్ మీద నిఘా. వైరు తెగితే చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది, స్కానర్లో పి0443 వంటి కోడ్ కనిపిస్తుంది. గొట్టం పగిలితే మాత్రం ఏ లైటూ వెలగకపోవచ్చు. కాబట్టి లైటు లేనంత మాత్రాన లోపం లేదనుకోకూడదు. కోడ్ వచ్చినా అది వెతకాల్సిన చోటును చెబుతుందే తప్ప, ఏ భాగం మార్చాలో చెప్పదు.

మంచి మెకానిక్ చవకైన చోట మొదలుపెడతాడు. ముందు ట్యాంకు మూత, దాని రబ్బరు వాషరు. తర్వాత ఎండకు బీటలు వారే గొట్టాలు. పెట్రోలు పోయించిన వెంటనే ఇంజను స్టార్ట్ కావడానికి మొరాయిస్తే పర్జ్ వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోయిందేమో చూడాలి. దాన్ని ఊడదీసి, కరెంటు ఇవ్వకుండా ఊదితే గాలి దాటకూడదు. మూత తీయగానే ట్యాంకు బుస్సున గాలి పీల్చుకుంటే, గాలి వచ్చే దారి దుమ్ముతో పూడి ఉండొచ్చు. ఇవేవీ తేల్చకపోతే గొట్టాల్లోకి పొగ పంపి, ఎక్కడ బయటికొస్తుందో చూస్తారు.

క్యానిస్టర్‌ను చంపే అలవాటు ఒకటుంది. బంకులో ఆటో కట్ పడ్డాక, లెక్క సరిచేయడానికి ఇంకాస్త పోయించడం. పొంగిన పెట్రోలు ద్రవంగానే బొగ్గులోకి చేరితే, ఆవిరి కోసం చేసిన ఆ రంధ్రాలు నిండిపోయి డబ్బా పనికిరాకుండా పోతుంది. కొత్తది వేయించడం ఖరీదైన పని. ఆటో కట్ దగ్గర ఆగడానికి పైసా ఖర్చు లేదు. మన ఎండలో, మనం పీల్చే గాలి కోసం ప్రతి వాహనదారూ ఈ రోజే చేయగలిగిన పని అది.